నడుము దగ్గరి చెయ్యి ఖాళీగా లేదు: కటాని ఆత్మరక్షణకు వాడుకోవడం

ఏళ్ళ తరబడి కరాటే చేసినవాళ్ళు కూడా ఎవరైనా చొక్కా పట్టుకుంటే బిగుసుకుపోవడం క్లాసులో చూస్తూనే ఉంటాను. దూరం నుంచి సూటిగా వచ్చే పంచ్‌ని ఆపడం వాళ్ళకి బాగా వచ్చు. కానీ బయట గొడవ అంత పద్ధతిగా మొదలవదు. ముందు మాటలు, ఆపైన తోపులాట, చొక్కా దొరకబుచ్చుకోవడం, పక్కనుంచి ఊపుగా ఒక దెబ్బ. ఒకినావా స్కూళ్ళలో కరాటే పెట్టించిన ఇతోసు అంకో 1908లో రాసిన లేఖలోనే చెప్పాడు: ఇది ఒక్క ప్రత్యర్థితో పోటీ పడటానికి కాదు, అనుకోకుండా దుండగుడు ఎదురైతే దెబ్బ తగలకుండా బయటపడటానికని.

అందుకే కటా (ఒంటరిగా వరుసగా చేసే కదలికల సాధన) చేసేటప్పుడు కొట్టే చేతిని కాసేపు పక్కన పెట్టి, నడుముకు వెళ్ళే చేతిని చూడమంటాను. దాని పేరు హికితే. పంచ్‌కి పవర్ వస్తుందని దాన్ని వెనక్కి లాగిస్తారు. నాకా వివరణ ఎప్పుడూ ఆనలేదు. ముఖం కాపాడుకోవాల్సిన చేతిని ఊరికే నడుము దగ్గర ఎందుకు పెడతాం? ఆ చేతిలో ఎదుటివాడి మణికట్టో చొక్కా చెయ్యో ఉందనుకోండి, సగం కటా దానంతటదే అర్థమవుతుంది.

మణికట్టుతో మొదలుపెట్టండి. మొదట్లో నేర్పే హెయాన్ షోదన్ అనే కటాలో వెనక్కి తిరిగి రెండో గెడాన్ బరాయి (చేతిని కిందికి ఊపి చేసే బ్లాక్) చేశాక, ముందున్న కుడికాలిని దగ్గరికి లాక్కుంటూ చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుభాగంతో కొడతాం కదా, అది చెయ్యి విడిపించుకోవడానికే. పార్ట్‌నర్‌ని మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకోమనండి. మొహమాటంగా పట్టుకుంటే ఎవరైనా విడిపించుకుంటారు. ఏ పట్టులోనైనా బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్యనున్న సందు. మీ మణికట్టు సన్నటి అంచు ఆ సందు వైపు వచ్చేలా తిప్పండి. మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, అప్పుడు కాలు వెనక్కి లాగండి. చేతిని ఒంటి బరువు లాగాలి. భుజం బలం మీద ఆధారపడితే మీకంటే బరువైనవాడి దగ్గర పని జరగదు. చెయ్యి ఊడాక అదే ఊపులో ఛాతీ ముందునుంచి పైకి లేచి, అతని ముంజేతి మీదో కాలర్ బోన్ మీదో దిగుతుంది. ప్రాక్టీసులో దాన్ని తగలకుండా ఆపేయండి.

చొక్కా పట్టుకుంటే గెడాన్ బరాయి పనికొస్తుంది. బ్లాక్ మొదలయ్యేముందు ఒక చెయ్యి చెవి దగ్గరికి పోతుంది, రెండోది ముందుకు చాస్తాం. క్లాసులో చాలామంది తొందరలో మింగేసే భాగం ఇదే. ముందుకు చాచిన చేత్తో అతని మణికట్టు పట్టుకుని నడుముకు లాగండి. చెవి దగ్గరి ముంజెయ్యి అతని మోచేతి మడత మీద పడాలి. మడత కుంగగానే అతని భుజం, తల కిందికొస్తాయి, కాళ్ళు తడబడతాయి. నెట్టేసి వెళ్ళిపోవడానికి ఆ క్షణం చాలు. మోచేతి కీలు సున్నితం కాబట్టి మొదట నెమ్మదిగా చెయ్యండి, పార్ట్‌నర్ తట్టగానే వదిలేయండి.

పొడవాటి స్టాన్స్‌లో నిలబడి ఎదురుచూడొద్దు. ముందుకాలు వంచి నిలబడే ఆ జెంకుత్సు దాచి బరువు ముందుకు పడే ఆ ఒక్క క్షణానికే. నడుము పైకి తన్నడం బయట వద్దే వద్దు, బ్యాలెన్స్ పోతుంది. ఎముక ఉన్న చోట పిడికిలితో కొడితే మీ వేళ్ళే విరగొచ్చు. మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగం వాడండి.

మాటల దశలోనే చేతులు ఛాతీ ఎత్తులో, అరచేతులు అవతలివైపు ఉంచి, "గొడవ వద్దు, దూరంగా ఉండు" అని గట్టిగా అనండి. చూసేవాళ్ళకి మీరు వద్దంటున్నట్టే కనిపిస్తుంది, దెబ్బ వస్తే చేతులు ముఖానికి దగ్గరే ఉంటాయి. క్లాసులో కియాయ్ (దెబ్బతో పాటు వేసే కేక) అరవడానికి సిగ్గుపడేవాళ్ళు ముందు ఈ మాటని గొంతెత్తి అనడం ప్రాక్టీస్ చెయ్యాలి.

ఇవన్నీ పార్ట్‌నర్ సహకరిస్తుంటే చక్కగానే వస్తాయి. పట్టు ఎటునుంచి వస్తుందో చెప్పొద్దనండి, రోజూ బిగువు పెంచమనండి. మామూలు బట్టలు, బూట్లు వేసుకోండి. వీపు గోడకు ఆనించి చెయ్యండి. పరుగెత్తి ఆయాసపడుతూ చేస్తే ఇంకా మంచిది, టెన్షన్‌లో చేతులకు ఏం గుర్తుంటుందో అప్పుడు తెలుస్తుంది.

కత్తి చూపించి పర్సు అడిగితే ఇచ్చేయండి. ఏ కటా గుర్తు తెచ్చుకోవద్దు. పట్టు విడిపించుకున్నాక కూడా ఇంకో దెబ్బ వేద్దామని ఆగొద్దు, చట్టం ముందు ఆత్మరక్షణకూ కొట్లాటకూ తేడా పోతుంది. వెలుతురు, మనుషులు ఉన్న వైపు పరుగెత్తండి. ఆగాక ఒళ్ళంతా చేత్తో తడిమి చూసుకోండి. ఆ ఉద్రేకంలో గాయం నొప్పి వెంటనే తెలియకపోవచ్చు. ఆ తర్వాత పోలీసులకు ఫోన్ చెయ్యండి.