పాత నవల, పెన్సిల్, లెక్క – 4వ పాఠం: కిటికీ బయట కుక్క

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ నవలలో మనుషుల్ని గుండులో కూర్చోబెట్టి ఫిరంగితో చంద్రుడి వైపు పేలుస్తారు. గొట్టంలో ఆ గుండు త్వరణం (వేగం పెరిగే రేటు) ఎంతో కట్టమని పోయిన పాఠంలో లెక్క ఇచ్చాను. సెకనుకి సెకనుకి మీటర్లలో చాలామందికి 4,40,000 వచ్చింది. రావలసింది అందులో సగం. సూత్రం ఇచ్చి, కారణం చెప్పకుండా దాటేశాను, అందుకే మళ్ళీ అక్కడి నుంచే మొదలు.

జూల్ వెర్న్ 1865 నాటి చంద్రయాత్ర నవలలో ఫిరంగి పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. గుండు బయటికొచ్చే వేగం సెకనుకి 12,000 గజాలు, దాదాపు 11 కిలోమీటర్లు. (అడుగులూ గజాలూ కనబడగానే నేను పేజీ అంచున మీటర్లలో రాసేసుకుంటాను. మీరూ అలవాటు చేసుకోండి.) గుండు బయలుదేరేటప్పుడు వేగం సున్నా, కాబట్టి గొట్టంలో సగటు వేగం 11 కాదు, 5.5. సూత్రం: త్వరణం = వేగం వర్గం ÷ (2 × గొట్టం పొడవు). అందులో కింద ఉన్న 2 అక్కడి నుంచే వచ్చింది. 11,000 వర్గాన్ని 548తో భాగిస్తే సుమారు 2,20,000. మామూలుగా కిందపడే వస్తువు త్వరణానికి ఇది 22,500 రెట్లు. 60 కిలోల మనిషి 1,350 టన్నులు తూగుతాడు. దెబ్బ తగ్గించడానికి వెర్న్ గుండు అడుగున పెట్టిన మూడడుగుల నీళ్ళు ఏ మూలకీ రావు.

ఇక ఇవాళ్టిది. నవల రెండో భాగంలో, గుండులో మనుషులతో పాటు ఉన్న శాటిలైట్ అనే కుక్క ప్రయోగం దెబ్బకి చచ్చిపోతుంది. శవాన్ని కిటికీలోంచి బయటికి వదిలేస్తారు. తర్వాత చూస్తే అది వెనకబడలేదు, పక్కనే వస్తోంది. వెర్న్ ఎంత బాగా ఊహించాడో! కానీ లోపలి మనుషులు మాత్రం నేలమీద కాళ్ళు ఆనించి తిరుగుతుంటారు. భూమి, చంద్రుడి ఆకర్షణలు సమానమయ్యే చోట మాత్రమే గాల్లో తేలతారు. బయట కుక్కకి వర్తించిన సూత్రం లోపలి మనిషికి ఎందుకు వర్తించదు?

“అంతరిక్షంలో గ్రావిటీ ఉండదు” అనే మాట వింటే నాకు ప్రాణం విసిగిపోతుంది. అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో మన దగ్గరున్న ఆకర్షణలో 89 శాతం దాకా ఉంటుంది. ఉన్నది లాగుతూనే ఉంది. మనిషినీ, అతని కింది నేలనీ ఒకేలా లాగుతోంది కాబట్టి పాదం నేలని నొక్కదు. ప్లాస్టిక్ బాటిల్ అడుగున చిన్న చిల్లు పెట్టి, నీళ్ళు నింపి, మూత తీసి పట్టుకోండి, ధార కారుతుంది. మేడ మీద నుంచి వదలండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. గ్రావిటీ ఎక్కడికీ పోలేదు, బాటిలూ నీళ్ళూ కలిసి పడుతున్నాయంతే. ఫిరంగి వదిలిన గుండు పైకి పోతున్నా ఇదే లెక్క. గాలి పొర దాటాక మనుషులు దారి పొడవునా తేలుతూనే ఉండాలి.

అభ్యాసం: మనిషి బరువు మూడు రెట్లు దాటకూడదనుకుంటే, అదే 11 కిలోమీటర్ల వేగానికి ఫిరంగి పొడవెంత ఉండాలి? వచ్చిన అంకెని, నవలలో ఫిరంగి ఉన్న అమెరికాలోని ఫ్లోరిడా నుంచి మ్యాప్ మీద ఉత్తరానికి కొలిచి, ఎక్కడ తేలారో రాయండి.