సోనిక్ 2కి గేమ్ గేర్ వద్దు, మాస్టర్ సిస్టమ్ పెట్టుకోండి

సెగా వీడియో గేమ్ సోనిక్ 2ని పాత తరం 8 బిట్ మెషిన్ మీద ఆడాలనుకుంటే, టీవీకి తగిలించే మాస్టర్ సిస్టమ్ వెర్షన్ ఎంచుకోండి. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ గేర్‌లోనూ స్టేజీలు దాదాపు అవే. అసలు తేడా స్క్రీన్‌లో ఉంది. మాస్టర్ సిస్టమ్‌లో 256×192 పిక్సెళ్లు, గేమ్ గేర్‌లో 160×144. బొమ్మను చిన్నది చేసి సర్దలేదు, చుట్టూ కత్తిరించేశారు. కనిపించేది సగం కూడా ఉండదు.

దీని దెబ్బ మొదటి బాస్ (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరే తెలుస్తుంది. మన హీరో సోనిక్ ఏటవాలు నేల మీద ఉంటాడు, దిగువన బాస్ కాచుకుని ఉంటాడు, పైనుంచి గుండ్లు గెంతుకుంటూ వస్తాయి. వాటిని మనం తప్పించుకుని బాస్‌కి తగలనివ్వాలి. గేమ్ గేర్‌లో గుండు కనపడేసరికే మీద పడిపోతుంది. పైగా అక్కడ దెబ్బ నుంచి కాపాడే రింగులు ఉండవు, ఒక్క దెబ్బకే లైఫ్ పోతుంది. మొదటి బాస్‌కే ఇంత టెన్షన్ ఎందుకు చెప్పండి!

అన్నట్టు, ఈ 8 బిట్ గేమ్ లాగే 1992లో, సెగా 16 బిట్ మెషిన్ మెగా డ్రైవ్‌కి వచ్చిన సోనిక్ 2కి పేరు మాత్రమే అదే, గేమ్ పూర్తిగా వేరు. అందులో సోనిక్ నేస్తం టెయిల్స్ మన వెంటే పరిగెడతాడు. 8 బిట్ దాంట్లో అతన్ని విలన్ ఎత్తుకుపోతాడు, మనం విడిపించాలి. పాత క్యాసెట్ కొనేటప్పుడు ఏ మెషిన్‌దో చూసి తీసుకోండి.