గాలానికి పెద్ద బారకుడా చిక్కితే

ఫ్లోరిడా కీస్‌లోనో బహామాస్‌లోనో సరదాగా గాలం వేసినప్పుడు పెద్ద బారకుడా చిక్కితే, ఫొటో తీసుకుని తిరిగి నీటిలోకి వదిలేయడమే మేలు. పగడపు దిబ్బల మీది నాచును అంటిపెట్టుకుని ఉండే గాంబియర్‌డిస్కస్ అనే సూక్ష్మజీవి నుంచి వచ్చే సిగ్వాటెరా విషం, ఆ నాచు మేసే చిన్న చేపల ద్వారా వాటిని తినే బారకుడా వంటి వేటచేపలలోకి చేరి పేరుకుపోతుంది. దానికి రంగు, రుచి, వాసన లేవు. ఎంత ఉడికించినా, ఫ్రీజర్‌లో ఎన్నాళ్లుంచినా, ఎంత చింతపండు పోసి పులుసు పెట్టినా అది పోదు. పైగా మనవాళ్లు ఇష్టపడే తలకాయలోను, గుడ్లలోను, కాలేయంలోను అది మరీ ఎక్కువ. పెద్ద గ్రూపర్, ఆంబర్‌జాక్ చేపల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తిన్న కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైనా, చన్నీళ్లు తాకితే కాలినట్లు అనిపించినా (వింతగా ఉన్నా ఇదే ముఖ్యమైన గుర్తు) వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ చేప తిన్నారో వైద్యునికి చెప్పాలి.