వాంతులు, విరేచనాలతో బిడ్డను ఆసుపత్రిలో చేర్చారా? బెడ్ పక్కన అమ్మ చేయాల్సిన పని

పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా నాకిది పదిహేడో ఏడాది. మా గోదావరి వైపు చలి మొదలైందంటే వాంతులు, నీళ్ళ విరేచనాలతో పసిపిల్లలు వరసగా వస్తారు. చాలామందికి కారణం రోటా వైరస్, లేదంటే నోరో లాంటి ఇంకో వైరస్. బిడ్డను బెడ్ మీద పడుకోబెట్టగానే అమ్మలు అడిగే మొదటి మాట ఒకటే: "సిస్టర్, సెలైన్ ఎప్పుడు ఎక్కిస్తారు?"

బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే రెండు సెకన్లు దాటినా ఆ మడత అలాగే ఉన్నా మేం క్షణం ఆగం, సెలైన్ పెడతాం. కళ్ళు లోపలికి పోయి, నోరు పిడచగట్టుకుపోయినా, గ్లాసు చూపిస్తే ఆత్రంగా తాగే బిడ్డకు మాత్రం ఓఆర్ఎస్సే అసలు మందు. అది పట్టించాల్సింది మీరే.

ముందు కలపడం సరిగ్గా రావాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. చిన్న ప్యాకెట్ అయితే 200 మిల్లీలీటర్లకే. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి. మొన్న ఒక నాన్న పెద్ద ప్యాకెట్‌ను అర లీటరు బాటిల్లో పోసేశారు. అదృష్టం కొద్దీ బిడ్డకు పట్టకముందే చూశాను. ఉప్పు అలా రెట్టింపైతే ఒంట్లో సోడియం పెరిగి ఫిట్స్ దాకా రావచ్చు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. రుచి కోసం పంచదార వేయకండి.

మెడికల్ షాపులో దొరికే పళ్ళరసం డబ్బాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఇలాంటి వాటిని ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు మా వార్డులో అందరం ఎంత సంతోషించామో!

ఇక పట్టించడం. కాస్త నీరసించిన బిడ్డకు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పోవాలి. ఎనిమిది కిలోల పాపకు 600 మిల్లీలీటర్లు. వినగానే అమ్మకు టెన్షన్. గ్లాసుతో గబగబా పోస్తుంది, పాప మొత్తం కక్కేస్తుంది, "దీనికి నీళ్ళు కూడా ఇమడట్లేదు సిస్టర్" అని ఏడుస్తుంది. అప్పుడు నేను పక్కన కూర్చుని చెంచా తీసుకుంటాను. టీ చెంచాకు ఐదు మిల్లీలీటర్లు. రెండు నిమిషాలకో చెంచా పోస్తే గంటకు ముప్పై చెంచాలు, నాలుగు గంటలకు నూట ఇరవై చెంచాలు. అంటే సరిగ్గా ఆ 600. పాపను ఒళ్ళో కొంచెం ఏటవాలుగా పెట్టుకుని, చెంచాను కింది పెదవికి ఆనించి, మింగేదాకా ఆగండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టండి. మీ చెయ్యి నొప్పి పుడితే నాన్నకో అమ్మమ్మకో చెంచా ఇవ్వండి. అర్ధరాత్రి దాటాక ఎండిపోయిన నాలుక మళ్ళీ తడిదేరి, పాప మొదటిసారి ఉచ్చ పోసి డైపర్ బరువెక్కినప్పుడు అమ్మ ముఖంలో వచ్చే వెలుగును నేను ఎన్నిసార్లు చూశానో!

ఆ తర్వాత విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుంచి 200. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు. అన్నం తినే బిడ్డకు మెత్తటి పెరుగన్నం పెట్టండి. "పళ్ళొస్తున్నాయి, అందుకే" అని, "దిష్టి తగిలింది" అని రోజులు గడపకండి. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు, విరేచనాలు ఆపే పెద్దవాళ్ళ మాత్రలు పిల్లలకు ప్రమాదం.

చేతుల గురించి చెప్పేటప్పుడు నాకు ఒక బాబు గుర్తొస్తాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో న్యుమోనియాతో వచ్చాడు, తగ్గింది, మర్నాడు డిశ్చార్జ్. పక్క బెడ్ పాపకు విరేచనాలు. ఆ రాత్రి సింక్ దగ్గర సబ్బు అయిపోతే ఉత్త నీళ్ళతో చేతులు కడుక్కుని రెండు బెడ్లూ చూశాను. రెండు రోజుల్లో బాబుకూ మొదలైంది. ఇంకో ఐదు రోజులు ఉండిపోయాడు. ఎలా సోకిందో తేల్చలేం కానీ, ఆ సబ్బు సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుకే డైపర్ మార్చిన ప్రతిసారీ, బిడ్డకు పెట్టే ముందూ సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది కడగండి. శానిటైజర్ ఈ వైరస్‌లకు చాలదు, ముఖ్యంగా నోరో వైరస్‌కు. డైపర్‌ను మంచం కింద పెట్టకుండా మేం చూపించిన బుట్టలోనే వేయండి. పక్క బెడ్ బిడ్డను ఎత్తుకోవద్దు, మీ గిన్నె, చెంచా, బొమ్మ ఇవ్వొద్దు. సింక్ దగ్గర సబ్బు లేకపోతే మమ్మల్ని అడగండి, గట్టిగానే అడగండి.

మలంలో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతి, పొట్ట ఉబ్బడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, లేపినా సరిగ్గా లేవకపోవడం: వీటిలో ఏది కనిపించినా రౌండ్స్ దాకా ఆగకుండా వెంటనే పిలవండి.

డిశ్చార్జ్ అప్పుడు ఇచ్చే జింక్ మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు అందులో సగం, చెంచాడు నీళ్ళలోనో తల్లిపాలలోనో కరిగించి. ఇంట్లో ఇంకో చంటిబిడ్డ ఉంటే రోటా చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడ్డాయో లేదో కార్డు చూడండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, 2016లో ఈ చుక్కలు మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. బిడ్డ కోలుకున్నా వారం పది రోజుల దాకా మలంలో వైరస్ పోతూనే ఉండొచ్చు, ఇంటికెళ్ళాక కూడా ఆ సబ్బు పక్కనే ఉంచుకోండి.