ప్రక్రియలు జట్టుల్లో నేర్పుతుంటే ఎదురయ్యే సమస్యలు - పరిష్కారాలు

కథ, వ్యాసం, లేఖ, వార్త, డైరీ, కరపత్రం, ప్రకటన లాంటి రచనా రకాలనే ప్రక్రియలు అంటాం. వీటి మధ్య తేడాలు టీచరు బోర్డు మీద రాసి చెప్పేకంటే, పిల్లలు జట్టుల్లో మాట్లాడుకుని పట్టుకుంటే ఎక్కువకాలం గుర్తుంటాయని నా గట్టి నమ్మకం. అయితే పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టినంత మాత్రాన చర్చ మొదలవదు. కింద ఉన్నవాటిలో మీ క్లాసులో కనిపించే సమస్య ఏదో చూసి, నేరుగా అక్కడికే వెళ్లండి.

సమస్య: లక్షణాలు గడగడా చెబుతారు, కొత్త రచన ఇస్తే గుర్తుపట్టలేరు

"కథలో పాత్రలు, సంఘటనలు, సంభాషణలు ఉంటాయి" అని తడుముకోకుండా చెప్పిన పిల్లవాడి చేతికి, శీర్షిక తీసేసిన ఒక పేరా ఇవ్వండి. అది కథో వార్తో తేల్చలేడు. వార్తలో కూడా మనుషులు, సంఘటన, మాటలు ఉన్నాయి కదా అంటాడు. నిజమే, ఉన్నాయి.

కారణం: మనం రూపం చెప్పి, ప్రయోజనం చెప్పకుండా వదిలేశాం. ఏ రచనైనా ఎవరో ఒకరు, ఎవరి కోసమో, ఏదో పని జరగాలని రాస్తారు. ఆ పనిని బట్టే రూపం వస్తుంది. వార్త ముఖ్యమైన సంగతిని మొదట్లోనే చెప్పేస్తుంది. చదివేవారు మధ్యలో ఆపేసినా విషయం అందాలి మరి. కథ అదే సంగతిని చివరిదాకా దాచిపెట్టగలదు, పాఠకుడు చివరిదాకా రావాలి కాబట్టి.

పరిష్కారం: నిర్వచనాలు కాసేపు పక్కన పెట్టండి. ఎనిమిదో పదో చిన్న రచనలు తీసుకుని, శీర్షికలు, రచయితల పేర్లు లేకుండా ఒక్కో జట్టుకు ఒక్కో సెట్ ఇవ్వండి. "మీకు తోచినట్టు కుప్పలుగా పేర్చండి, ప్రతి కుప్పకూ మీరే పేరు పెట్టండి" అనండి. మొదటిసారి చాలా జట్లు విషయాన్ని బట్టి పేరుస్తాయి: వాన గురించినవన్నీ ఒకచోట, జంతువుల గురించినవన్నీ ఇంకోచోట. ఆపకండి. తర్వాత "ఇది ఎవరు రాశారు? ఎవరికి? ఏం జరగాలని?" అనే మూడు ప్రశ్నలిచ్చి మళ్లీ పేర్చమనండి. కుప్పలు మారతాయి. ఏ కాగితం ఎందుకు జరిగిందో వాళ్ల నోటితోనే చెప్పించాలి. ప్రక్రియల పేర్లు ఆ తర్వాతే బోర్డు మీదికి రావాలి.

సెట్‌లో తిరకాసువి ఒకటి రెండు తప్పకుండా కలపండి. ఉత్తరాల రూపంలో నడిచే కథ, వార్తలా కనిపించే ప్రకటన లాంటివి. అసలు చర్చ వీటి దగ్గరే వేడెక్కుతుంది.

సమస్య: జట్టులో ఒకరు రాస్తారు, మిగిలినవాళ్లు చూస్తారు

దీనికి పిల్లల బద్ధకాన్ని తిట్టి లాభం లేదు. ఫ్రెంచ్ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మాన్ తాడు లాగే ప్రయోగాల్లో, లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని గమనించి 1913లో ప్రచురించాడు. 1979లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లటానే బృందం చప్పట్లు కొట్టడంలో, కేకలు వేయడంలో కూడా ఇదే చూసింది. ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసినప్పుడు మాత్రం ఈ తగ్గుదల బాగా తగ్గుతుంది.

అంటే పనిని పంచే తీరులోనే లోపం ఉంది. "నలుగురూ కలిసి ఒక నివేదిక రాయండి" అంటే, చేతిరాత బాగున్న అమ్మాయే రాసేస్తుంది. దీనికి 1971లో మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ అరాన్సన్ అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ప్రవేశపెట్టిన జిగ్‌సా పద్ధతి బాగా పనికొస్తుంది. జట్టులో ఒకరికి లేఖ, ఒకరికి వార్త, ఒకరికి డైరీ, ఒకరికి కరపత్రం ఇవ్వండి. అన్ని జట్లలోనూ లేఖ వచ్చినవాళ్లు ఒకచోట కూడి దాని సంగతులు తేల్చుకుంటారు, మిగతావాళ్లూ అంతే. తర్వాత సొంత జట్టుకు వెళ్లి మిగిలిన ముగ్గురికీ నేర్పుతారు. తన భాగం తను చెప్పకపోతే జట్టుకు అది తెలిసే దారి లేదు కాబట్టి, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారు. బెరుకు ఎక్కువగా ఉన్నవాళ్లకు ముందే నాలుగు మాటలు రాసుకునే టైం ఇవ్వండి, టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: ఏది రాయమన్నా ఒకేలా వస్తోంది

వార్త రాయమంటే "అనగనగా ఒక రోజు" అని మొదలవుతుంది. లేఖకు పైన తేదీ, కింద సంతకం ఉంటాయి గానీ మధ్యలో ఉండేది వ్యాసమే. ప్రతి జట్టుకూ వేరే విషయం ఇవ్వడమే చాలాసార్లు దీనికి కారణం. విషయం కూడా మారిపోతే, ప్రక్రియ వల్ల వచ్చే తేడా కంటికి కనిపించదు.

అందరికీ ఒకే సంఘటన ఇవ్వండి. రాత్రి గాలివానకు బడి గేటు ముందు చెట్టు కూలిందనుకుందాం.

వార్త జట్టు: "గాలివానకు శుక్రవారం రాత్రి పాఠశాల గేటు ముందు పెద్ద చెట్టు కూలిపోయింది. ఎవరికీ గాయాలు కాలేదు."

దరఖాస్తు జట్టు: "చెట్టు దారికి అడ్డంగా పడినందున పిల్లలు లోపలికి రాలేకపోతున్నారు. దయచేసి వెంటనే తొలగించగలరు."

డైరీ జట్టు: "రోజూ నేను సైకిల్ పెట్టే నీడ ఇవాళ లేదు."

కథ జట్టు: "గాలి ఆగాక, కాకి తన కొమ్మ కోసం వెతుక్కుంది."

ప్రతి జట్టూ తన మొదటి వాక్యం మాత్రమే చదవాలి. అది ఏ ప్రక్రియో మిగతా జట్లు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వాక్యం తిరగరాయాలి. "నేను" ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు, ఎవరిని ఏమైనా అడిగారా అనే గమనింపులు ఇక పిల్లల నుంచే వస్తాయి.

సమస్య: "ఇది కథా, ఆత్మకథా?" అనే వాదన తెగదు

టీచరు తీర్పు చెప్పిన క్షణం ఆలోచన ఆగిపోతుంది, అందుకే తొందరపడకండి. "నాకలా అనిపించింది" అంటే చాలదు, రచనలో వాక్యం కింద గీత గీసి చూపించాలి అని షరతు పెట్టండి. రెండు వైపులా గట్టి ఆధారాలుంటే రెండు జవాబులూ బోర్డు మీద ఉండనివ్వండి. కొన్ని రచనలు నిజంగానే రెండిటి మధ్యలో ఉంటాయి.

సమస్య: జట్టులో బాగా రాశారు, పరీక్షలో ఒంటరిగా రాయలేకపోయారు

నమూనా చూపించి నేరుగా సొంతంగా రాయమన్నాం, నడుమ మెట్టు లేదు. ఆస్ట్రేలియాలో 1980లలో రూపుదిద్దుకున్న ప్రక్రియా బోధనలో ఆ మెట్టుకు పెద్ద చోటుంది: ముందు నమూనాను విడదీసి చూస్తారు, తర్వాత టీచరూ పిల్లలూ కలిసి బోర్డు మీద ఒక రచన చేస్తారు, ఆ తర్వాతే ఎవరికి వారు రాస్తారు. వాక్యాలు పిల్లలు చెబుతుంటే మీరు రాయండి, కొట్టేయండి, మార్చండి. ఒక వాక్యాన్ని ఎందుకు కొట్టేశారో పైకి చెప్పండి. రాయడం మధ్యలో జరిగే ఈ ఆలోచన పిల్లలకు మరెక్కడా కనిపించదు.

చిన్న చిన్నవి

గోల ఎక్కువైతే జట్టును నలుగురికి కుదించి, పనిని చిన్న ముక్కలు చేసి, ఒక్కోదానికి టైం చెప్పండి. ప్రతి జట్టూ ముందుకొచ్చి చదువుతుంటే మిగతావాళ్లు వినకపోవడం సహజం. కాగితాలు గోడకు అంటించి, తిరిగి చదివి, ఒక్కో దాని కింద ఒక ప్రశ్న రాయమనండి. మార్కుల దగ్గర గొడవ వస్తే, జట్టు రచనకు కొంత ఇచ్చి, అదే ప్రక్రియలో ఒక్కొక్కరూ విడిగా రాసిన నాలుగు వాక్యాలకు మిగతాది ఇవ్వండి. ఆ నాలుగు వాక్యాలు చూస్తే, రేపు ఏ జట్టు దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలో మీకూ తెలుస్తుంది.