బేడీలు పడ్డాక మొదటి నిమిషం

తిరగబడుతున్న మనిషిని పట్టుకునేటప్పుడు పోలీసుల దృష్టంతా బేడీల మీదే ఉంటుంది. రెండో చేతికి కూడా క్లిక్‌మని పడగానే అందరం హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాం. కానీ కింద బోర్లా ఉన్న మనిషి వీపు మీద మోకాలు ఇంకా అలాగే ఉంటే, అతను మాత్రం పీల్చుకోలేడు.

పెనుగులాటలో రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. దాన్ని తగ్గించుకోవడానికి ఒళ్లు వేగంగా ఊపిరి తీస్తుంది, అందుకే రొప్పుతాం. సరిగ్గా అప్పుడే ఛాతీ, పొట్ట నేలకు అదిమి ఉంటే ఊపిరితిత్తులు విచ్చుకోవు, గుండె ఆగిపోవచ్చు. లావుగా ఉన్నవాళ్లకు, మత్తుమందు తీసుకున్నవాళ్లకు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. గాలి కోసం కొట్టుకోవడం పైనున్నవాళ్లకు ఎదురుతిరగడంలా కనిపిస్తుంది, దాంతో ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. చాలా ప్రాణాలు పోయేది ఈ పొరపాటు దగ్గరే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. బేడీలు పడగానే మనిషిని బోర్లా ఉంచకుండా తిప్పాలని అమెరికా న్యాయశాఖ 1995లోనే పోలీసులకు రాసి పంపింది. అయినా 2020 మే 25న అదే దేశంలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే వ్యక్తిని పోలీసులు 9 నిమిషాల 29 సెకన్లు అదిమి ఉంచారు, అతను చనిపోయాడు. అక్కడున్న ఒక జూనియర్ అధికారి "పక్కకు తిప్పుదామా" అని రెండుసార్లు అడిగాడు. సీనియర్ వద్దన్నాడు. అడగడం దగ్గరే ఆగిపోకూడదు, తిప్పేయాలి.

అందుకే బయల్దేరే ముందే ఒకరికి ఒకే పని అప్పగించండి: తల దగ్గర ఉండి ముఖం, ఊపిరి చూడడం. అతను "ఆపండి" అంటే ర్యాంకు ఎంతదైనా అందరూ చేతులు తీయాల్సిందే. ఈ మాట ముందే ఒప్పుకోకపోతే ఆ టెన్షన్‌లో ఎవరూ వినరు. మనిషి అదుపు తప్పి ఉన్నాడని ముందే కబురొస్తే అంబులెన్స్‌ను కూడా అప్పుడే పిలవండి.

బరువు పెట్టక తప్పకపోతే కొన్ని క్షణాలే, అదీ భుజం దగ్గర. మెడ మీద, వెన్నెముక మీద వద్దు. బేడీ పడగానే పక్కకు ఒత్తిగిలేలా తిప్పండి, వీలైతే లేపి కూర్చోబెట్టండి. చేతులూ కాళ్లూ వెనక్కి విరిచి కలిపి కట్టడం ఎప్పుడూ వద్దు. బేడీకి, మణికట్టుకు మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చూసి, ఇంకా బిగుసుకోకుండా రెండో లాక్ వేయండి. అది మరిస్తే నరం నలిగి బొటనవేలి వైపు తిమ్మిరెక్కుతుంది.

"మాట్లాడుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే" అనే మాట నమ్మకండి. మాట ఆ క్షణం గురించే చెబుతుంది, తర్వాతి క్షణం గురించి కాదు. ఊపిరాడట్లేదు అంటే నటన అనుకోకుండా వెంటనే బరువు తీయండి. అంతసేపు కొట్టుకున్నవాడు ఉన్నట్టుండి మెత్తబడితే లొంగిపోయాడనుకోవద్దు. పేరు పెట్టి పిలవండి, ఛాతీ కదులుతోందా చూడండి. పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, వెనక బేడీలు ఇంకొకరు తీస్తారు.

బండిలో కూడా కూర్చోబెట్టే తీసుకెళ్లండి. సీటు బెల్టు పెట్టి, పక్కన ఒకరు అతని ముఖం చూస్తూ ఉండాలి.