ఊలూ పుస్తకమూ – 6వ పాఠం: వేసవి బింగో

గత పాఠంలో అల్లిక సూదుల వంక చూడకుండా నిట్ కుట్టు (అల్లికలో అన్నిటికన్నా మామూలు కుట్టు) వేయడం సాధన చేశాం. ఎడమ చూపుడువేలి కొసతో తర్వాతి కుట్టును తడిమి పట్టుకోవడం ఈపాటికి కొంత అలవాటై ఉంటుంది. ఇంకా తడబడుతున్నవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఈసారి సగం పని కాగితం మీదే. వేసవిలో చదవబోయే పుస్తకాలకూ, అవి చదువుతుండగా చేతుల్లో నడిచే అల్లికకూ కలిపి ఒకే పథకం వేసుకోవడం ఈ పాఠం విషయం. దానికి పుస్తకాల బింగో కన్నా సులువైన పద్ధతి నాకు కనపడలేదు.

బింగో కార్డంటే అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తం 25 గళ్లు. మామూలు బింగోలో గళ్లలో అంకెలుంటాయి. పుస్తకాల బింగోలో వాటి బదులు పుస్తకాల రకాలు రాస్తారు. ‘అనువాద నవల’, ‘ఉత్తరాల రూపంలో ఉన్న పుస్తకం’, ‘నేను పుట్టిన ఏడాది అచ్చయినది’, ‘ఎవరో ఇస్తే తెరవకుండా పక్కన పెట్టినది’, ఇలా. ఒక పుస్తకం చదివితే ఒక గడి కొట్టేయాలి. ఒకే పుస్తకం రెండు మూడు గళ్లకు సరిపోయినా ఒక్క గడికే లెక్క. అడ్డంగానో నిలువుగానో మూల నుంచి మూలకో అయిదు గళ్లు వరసగా నిండితే బింగో. పాతిక గళ్లూ నింపేస్తే దాన్ని బ్లాకౌట్ అంటారు. వేసవి వచ్చిందంటే ఇలాంటి కార్డులు అచ్చువేసి పంచే లైబ్రరీలు ఉన్నాయి. అవి బాగానే ఉంటాయి కానీ అల్లేవాళ్లు సొంతంగా గీసుకోవడమే మేలని నా అభిప్రాయం. చేతిలో పని ఏమిటో ఆ కార్డు తయారుచేసినవాళ్లకు తెలియదు కదా.

కార్డు గీసుకోవడం

చాలామంది గళ్లలో రకాలను ఎక్కడ తోస్తే అక్కడ రాసేస్తారు. కానీ గళ్లన్నీ ఒకటి కావు. లెక్క చూడండి. అడ్డంగా అయిదు గీతలు, నిలువుగా అయిదు, మూల నుంచి మూలకు రెండు, మొత్తం 12 గీతల్లో ఏదైనా బింగో ఇస్తుంది. నట్టనడి గడి వాటిలో నాలుగింటిలో ఉంటుంది. మూల గీతల మీద ఉన్న మిగతా ఎనిమిది గళ్లు ఒక్కొక్కటీ మూడు గీతల్లో పడతాయి. కార్డు నాలుగు మూలలూ ఈ ఎనిమిదిలోవే. మిగిలిన పదహారు గళ్లూ రెండేసి గీతల్లోనే ఉంటాయి.

ఇప్పుడు మీ ఉద్దేశం ఏమిటో మీరే తేల్చుకోవాలి. చదవాలని ఉన్నా ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్న లావుపాటి పుస్తకం ఉందనుకోండి. దాన్ని రెండు గీతల గడిలో పెడితే తప్పించుకు తిరగడం తేలిక. మూలలో పెడితే మూడు దారులకు అడ్డంగా కూర్చుంటుంది, పదేపదే ఎదురవుతుంది. నేనైతే అలాంటివి రెండు తీసుకుని ఎదురెదురు మూలల్లో కాకుండా పక్కపక్క మూలల్లో పెడతాను. ఎదురెదురుగా పెడితే రెండూ ఒకే మూల గీత మీదకొచ్చి, ఆ గీత వైపు వెళ్లబుద్ధి కాదు. పక్కపక్కనుంటే రెండు మూల గీతల మీదా ఒక్కో బరువే పడుతుంది.

నడి గడిని ఆనవాయితీగా ఖాళీగా, అంటే ముందే నిండినట్టుగా వదిలేస్తారు. ఆ వెసులుబాటును వదులుకోకండి. దాని గుండా వెళ్లే నాలుగు గీతలకూ నాలుగేసి పుస్తకాలు చాలు. మిగతా ఎనిమిది గీతలకు అయిదేసి కావాలి. ఒక వేసవికి నాలుగు పుస్తకాలు ఎవరికైనా అందే లక్ష్యమే. ఉత్సాహం ఉంటే నడి గడి గుండానే రెండో గీత పట్టుకోండి, ఎనిమిది పుస్తకాలతో రెండు బింగోలు. మొదటిసారే బ్లాకౌట్ అని బయలుదేరితే నెల తిరక్కుండా పుస్తకం చదవడం హోంవర్కులా తయారవుతుంది. నాకు బ్లాకౌట్ మీద అంత మోజు లేదు.

రకాలు రాసేటప్పుడు కనీసం ఆరేడు గళ్లు అల్లికను దృష్టిలో పెట్టుకుని రాయండి. ‘వినే పుస్తకం’, ‘ఒళ్లో పరిస్తే తనంతట తానే తెరుచుకుని ఉండే పుస్తకం’, ‘చిన్న చిన్న అధ్యాయాలున్నది’, ‘ఇదివరకే చదివినది’, ‘చేతిపని చేసేవాళ్ల కథ’. రెండోది వేళాకోళంగా అనిపించవచ్చు. రెండు చేతులూ సూదులకు అంకితమైనప్పుడు పుస్తకం మూసుకుపోతూ ఉంటే ఎంత చిరాకో ఒక సాయంత్రంలో తెలిసొస్తుంది. దారంతో కుట్టి బైండు చేసినవి బాగా పరుచుకుంటాయి. జిగురుతో అంటించిన సన్నపాటి పుస్తకాలు మూసుకుపోతాయి. వాటికి స్టాండూ, రెండు వైపులా క్లిప్పులూ కావాలి. టాబ్లెట్‌లో చదివేవాళ్లకు ఈ బాధ లేదు, అక్షరాలు పెద్దవి చేసుకుని కాస్త దూరంగా నిలబెట్టుకుంటే సరి.

గడికో చతురస్రం

కార్డు మీద పెన్నుతో టిక్కు పెట్టడం సరే. మనం దానికి తోడు పుస్తకానికో చతురస్రం అల్లుదాం. 10 సెంటీమీటర్ల చతురస్రాలు పాతిక కలిపితే 50 సెంటీమీటర్ల దిండు గలీబు ఒక పక్కకు సరిపోతుంది. నాలుగే అయితే ఒక పొడుగాటి పట్టీ. ఏదైనా పనికొచ్చేదే.

మొదటి రకం గార్టర్ స్టిచ్. ప్రతి వరసా నిట్టే, పర్ల్ (నిట్‌కు తిరగేసిన కుట్టు) లేదు. మధ్యరకం మందం నూలు, 4 మిల్లీమీటర్ల సూదులు తీసుకుని 20 కుట్లు ఎక్కించండి. గార్టర్‌లో రెండు వరసలు కలిసి ఒక ఉబ్బెత్తు గట్టులా కనపడతాయి. ఆ గట్టు ఎత్తూ ఒక కుట్టు వెడల్పూ దాదాపు సమానం. అందుకే 20 కుట్లకు 20 గట్లు, అంటే 40 వరసలు అల్లితే స్కేలు అక్కర్లేకుండానే చతురస్రం వస్తుంది. చదువుతూ వరసలు లెక్కపెట్టనక్కర్లేదు. పుస్తకం పక్కన పెట్టినప్పుడు గట్లు లెక్కపెట్టుకుంటే చాలు.

రెండోది నాకు ఎక్కువ ఇష్టం, మూల మడత చతురస్రం. 41 కుట్లు ఎక్కించి ఒక వరస మామూలుగా అల్లండి. సరిగ్గా మధ్యనున్న 21వ కుట్టుకు ఒక పిన్నీసు తగిలించండి. తర్వాతి వరసలో 19 కుట్లు అల్లి, పిన్నీసుకు ముందున్న కుట్టు, పిన్నీసు కుట్టు, దాని తర్వాతి కుట్టు మూడింటినీ కలిపి ఒకటిగా అల్లేయండి. మిగతా 19 మామూలే. పిన్నీసును ఆ కొత్త మధ్య కుట్టుకు మార్చండి. తిరుగు వరసలో తగ్గింపు లేదు, నేరుగా అల్లుకుంటూ పోవడమే. ఆ తర్వాత 18, మూడు కలిపి ఒకటి, 18. మళ్లీ తిరుగు వరస. ఇలా వెళ్తే చివరికి మూడు మిగులుతాయి, అవీ కలిపేస్తే ఒకటి. దారం కత్తిరించి అందులోంచి లాగేయండి.

చదివేవాళ్లకు ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే అంకెలు గుర్తుంచుకోనవసరం లేదు. వేలికి పిన్నీసు తగిలినప్పుడు మాత్రమే కళ్లు కిందికి దించాలి. పైగా పోనుపోను వరసలు పొట్టివవుతాయి. కథ చివరికొచ్చి ఆత్రం ముదిరే సమయానికి అల్లికా చకచకా తెములుతుంది.

ఏ పుస్తకానికి ఏ పని

ఈ వేసవిలో నా చదువు కలగాపులగంగా సాగింది. ఒక కుటుంబ గాథ, ఒక యాత్రా చరిత్ర, కథల సంపుటాలు, అపరాధ పరిశోధన నవలలు, ఒక ఆత్మకథ. వాటి మధ్య నాకు కుదిరిన జోడీలు చెబుతాను. మీకు వేరేలా కుదిరితే అదే మీ లెక్క.

యాత్రా చరిత్ర, ఆత్మకథ లాంటివి గార్టర్‌కు బంగారంలాంటి తోడు. ఒక వాక్యం జారిపోయినా ప్రయాణం ఆగదు. తరాల కొద్దీ పేర్లున్న కుటుంబ గాథకు మూల మడత పనికిరాదు. పిన్నీసు కోసం కిందికి చూసి తలెత్తేసరికి మాట్లాడుతున్నది మేనత్తో పెదనాన్నో అంతుపట్టదు. కథల సంపుటి చాలా అనువైనది, కథకూ కథకూ మధ్య గట్లు లెక్కపెట్టుకోవచ్చు. కవిత్వం దగ్గర సూదులు పక్కన పెట్టేయండి. దీని మీద వాదన అనవసరం.

అపరాధ పరిశోధన సంగతి వేరు. ఉత్కంఠ పెరిగేకొద్దీ వేళ్లు తెలియకుండానే దారాన్ని బిగిస్తాయి. అదే నూలు, అవే సూదులు, అవే 20 కుట్లు, అయినా ఆ చతురస్రం పక్కవాటికన్నా చిన్నగా, గట్టిగా వస్తుంది. యాత్రా చరిత్ర చదువుతూ అల్లినదాన్ని దాని మీద పెట్టి చూస్తే అంచుల తేడా తెలిసిపోతుంది. అలాంటి పుస్తకానికి ముందే 4.5 మిల్లీమీటర్ల సూదులు తీసుకోండి. లేదా హంతకుడెవరో తేలబోయే అధ్యాయాల్లో అల్లిక ఆపేయండి. ఆ టెన్షన్‌లో కుట్టు జారితే ఎటూ చూసుకోం.

ఇక వినే పుస్తకాలు. విన్నది చదివినట్టు కాదని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు. పట్టించుకోకండి. 1865 నుంచి క్యూబాలోని హవానా చుట్టల ఫ్యాక్టరీల్లో ఎత్తైన పీట మీద ఒక మనిషి కూర్చుని వార్తాపత్రికలూ నవలలూ పైకి చదివేవాడు, చుట్టలు చుట్టేవాళ్లు వింటూ పని చేసుకునేవాళ్లు. ఆ చదువరి జీతం వాళ్లే చందాలు వేసుకుని ఇచ్చేవాళ్లు. చేతులకు పని, చెవులకు పుస్తకం అన్నది అంత పాతది. చూసి వేయక తప్పని డిజైన్లన్నీ వినే పుస్తకాల కోసం దాచుకోండి. ఖర్చు లేకుండా కావాలంటే 2005లో మొదలైన లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్ ఉంది. కాపీరైటు తీరిన పుస్తకాలను వలంటీర్లు చదివి రికార్డు చేస్తారు. గొంతులు అన్నీ ఒకేలా ఉండవు. మొదటి అధ్యాయం విని నచ్చితేనే సూదులు పట్టుకోండి.

ఎండ, చెమట, మధ్యలో ఆపడం

వేసవిలో ఊలు ఒళ్లో పెట్టుకోవడం కష్టం. చిన్న చతురస్రాలు ఎంచుకున్నది అందుకే, ఒళ్లంతా కప్పేయవు. కాటన్ నూలు చల్లగా ఉంటుంది కానీ సాగదు, ఎక్కువసేపు అల్లితే వేళ్లు నొప్పెడతాయి. చెమట చేతికి లోహపు సూదుల కన్నా వెదురు సూదులు నయం, జారవు. ఇంగ్లిష్ ఛానెల్‌లోని జెర్సీ దీవిలో 1608లో పదిహేనేళ్లు దాటినవాళ్లు కోతల కాలంలో అల్లకూడదని ఏకంగా చట్టమే చేశారు. జనం పొలం పనులు వదిలి మేజోళ్లు అల్లుకుంటూ కూర్చుంటున్నారని! మనకు అలాంటి అడ్డు లేదు కాబట్టి నీడ చూసుకుని కూర్చోండి.

వీలైనంతవరకు వరస చివరే ఆపండి. ఎవరో పిలిచి వరస మధ్యలో లేవాల్సి వస్తే, తిరిగొచ్చాక ఎటు నుంచి ఎటు వెళ్తున్నారో తేల్చుకోవాలి. ఉండలోంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టు నుంచి వేలాడుతోందో చూడండి. ఆ సూది కుడిచేతిలోకి రావాలి. తిరగేసి పట్టుకుని అల్లితే మధ్యలో ఒక పక్క రెండు వరసలు ఎక్కువై, చిన్న కన్నం కూడా పడుతుంది. పుస్తకంలో ఎక్కడున్నారో మర్చిపోతే ఒక పేజీ వెనక్కి వెళ్తే సరిపోతుంది. అల్లికలో అయితే కుట్టు కుట్టూ విప్పుకుంటూ పోవాలి.

అభ్యాసం

కార్డు గీయండి, పాతిక గళ్లలో నడిమిది వదిలి 24 రకాలు రాయండి. ఒక్కో గడి మూలలో చిన్నగా గా, మూ, వి, వ అని గుర్తులు పెట్టుకోండి: గార్టర్, మూల మడత, వినేది, వద్దు (అంటే చదువుతూ అల్లకూడనిది). ‘వద్దు’లు నాలుగుకు మించితే ఆ రకాలను మళ్లీ చూడండి. నడి గడి గుండా వెళ్లే నాలుగు గీతల్లో ఒకటి ఎంచుకుని, దాని మీది పుస్తకాలు ముందుగా సంపాదించి పెట్టుకోండి. ఒక్కోదానికి ఒక్కో రంగు నూలు తీస్తే ఏది ఏ పుస్తకమో తర్వాత గుర్తుంటుంది.

వచ్చే పాఠం చతురస్రాలను అతకడం. చేతిలో కనీసం రెండు సిద్ధంగా ఉండాలి. వాటితోపాటు మొన మొద్దుగా, కన్ను పెద్దదిగా ఉన్న కుట్టుసూది ఒకటి తెచ్చిపెట్టుకోండి.